ఐదు మణుగుల కట్టుబాటు

1922లో డుంబ్రిగుడ మిషను డిస్పెన్సరీకి మంత్రసానిగా వచ్చినప్పుడు లూర్దమ్మ ఎనిమిది మణుగుల మనిషి, అంటే తొంభై కిలోలు. కొండల మీది ఊళ్లలో పురుడుకు కబురొస్తే నలుగురు ఆమెను డోలీలో మోసుకుపోయేవారు. ఆ ఆషాఢంలో హుకుంపేట దారిన, నాచు పట్టిన బండ మీద ముందు మోసే సోంబరు కాలు జారింది. డోలీ కర్ర అతని గుండెల మీద పడింది. ఆమెకు మోచేయి గీరుకుంది. అతను పొద్దువాలక ముందే పోయాడు.

నాలుగో రోజు సోంబరు అన్న గాసి వచ్చాడు.

"నిన్ను మొయ్యం అమ్మా. సంతలో చింతపండు తూసే తక్కెడుంది గదా. అయిదు మణుగులు తూగితే మోత్తాం. లేదంటే నడిసెల్లు."

నడిచి వెళితే ఆమె చేరేసరికి తల్లో బిడ్డో పోయేవారు. మొదట పస్తులుంది. అయిదో రోజున మందు సీసాల మధ్య కూలబడింది. గాసి భార్య సుక్రి లేవనెత్తి, "మాలాగ తిను. మాలో లావైనోళ్లని సూసేవా?" అంది.

పొద్దున రాగిపిండితో చోడి అంబలి, మధ్యాహ్నం పిడికెడు సామన్నంలో ఆకుకూర, చీకటి పడకముందే ఉలవచారు. నెయ్యి, బెల్లం మానేసింది. దగ్గరి ఊళ్లకు కాలినడకే. పధ్నాలుగు నెలలకు తక్కెడ ఆమె వైపు కాక, అయిదు మణుగుల చింతపండు గంపల వైపే మొగ్గింది. ఆ వారమే డోలీ లేచింది.

మరుసటి క్రిస్మసుకు బొబ్బిలిలో అక్క ఇంట నెల రోజులుంది. వరన్నం, నెయ్యి, అరిసెలు. రవికె చేతులు బిగిసినప్పుడే ఆమెకు తెలిసింది, అయినా తింది. తిరిగొచ్చాక సంతలో తక్కెడ ఆమె వైపు వంగింది.

"ఏటమ్మా, మీ దేవుడు పుట్టేడని నువ్వూ కడుపుతో వొచ్చేవేటి?" అన్నాడు గాసి. సంతంతా నవ్వింది.

మూడోనాడు కొండ మీది ఊరి నుంచి బుద్రు అనే అతను పరుగెత్తుకొచ్చాడు. భార్యకు రెండు రోజులుగా నొప్పులు. గాసి కర్ర ముట్టలేదు.

"అర మణుగే గదా," అంది లూర్దమ్మ.

"మా తమ్ముడు తప్పింది కూడా ఒక్క అడుగే."

ఆమె నడిచింది. మర్నాడు మధ్యాహ్నం చేరేసరికి తల్లినీ బిడ్డనూ ఒకే గుడ్డ కింద పడుకోబెట్టి ఉంచారు.

రెండు నెలలకు ఆమె మళ్లీ అయిదుకు దిగింది. ఆ సంతకు బుద్రు వచ్చాడు.

"ఆ వారం ఎంత తూగేవు?"

"అయిదున్నర."

బుద్రు డోలీ దగ్గరికి నడిచాడు. సోంబరు మోసిన చోట కర్ర తన భుజానికెత్తుకున్నాడు. అప్పట్నించి ప్రతి సంతకూ గంపలు తక్కెడలో పెట్టేది అతనే. ఆ డిస్పెన్సరీలో ఉన్నన్నాళ్లూ, 1929 దాకా, లూర్దమ్మ ఒక్క వారమూ అయిదు దాటలేదు, బొబ్బిలి మళ్లీ వెళ్లలేదు. ఆమె కూర్చున్నాక బుద్రు తక్కెడనే చూసేవాడు. ఆమె మొహం వైపు చూసేవాడు కాదు.