మేస్త్రీ కూతురి జవాబు

రెండేళ్ల కిందట ఆరాంఘర్‌లో బస్సెక్కితే ఒకావిడ జరిగి చోటిచ్చింది. ఆవిడ ఒళ్లో పరీక్ష పేపర్లున్నాయి. గగన్‌పహాడ్ దాటేదాకా ఒక పేపరు మీది ఎర్ర సున్నాను బొటనవేలితో రుద్దుతూనే ఉంది.

"చిరిగిపోతుందండీ" అన్నాను.

"చిరగనీ అక్కా, నేను వేసిన సున్నానే" అంది.

ఆరుగురు మేస్త్రీలు పన్నెండు రోజుల్లో కట్టే గోడను డెబ్బై రెండు మంది ఎన్ని రోజుల్లో కడతారన్నది అందులోని లెక్క. పుస్తకంలో జవాబు ఒక్క రోజు. ఆ పేపరు రాసిన పాల్మాకుల ఊరి మేస్త్రీ కూతురు మాత్రం, అంతమందికి నిలబడే చోటుండదనీ, కింది వరస ఆరకుండా పైది లేపితే గోడ కూలుతుందనీ రాసింది.

"క్లాసుల చదివి వినిపించిన. 'మీ బాపును తోల్కరా, లెక్కలు గూడ ఆయననే చెప్తడు' అన్న. అందరు నవ్విన్రు. గప్పటిసంది సైన్సుల, సోషల్ల గూడ ఎందుకని అడుగుడు బంద్ జేసింది. నిన్న మాఫీ అడిగి మళ్ల గదే లెక్క ఇచ్చిన. ఒక్క రోజని రాసింది. నిజంగ గట్లనే అనుకుంటున్నవా బిడ్డా అంటే, 'మీకేది కావాల్నో అదే రాసిన టీచర్' అన్నది."

శంషాబాద్‌లో ఆవిడ దిగిపోయింది.

నేను బడికి వెళ్లలేదు; అమ్మే వంటింట్లో చదువు చెప్పింది. నా పిచ్చి ప్రశ్నలకు చేస్తున్న పని ఆపి ఆలోచించేది, నవ్వేది కాదు. రోజూ ఎన్నిటికో కృతజ్ఞతగా దేవుడికి దండం పెట్టుకుంటాను. అమ్మ నవ్వకపోవడాన్ని మాత్రం అప్పటిదాకా ఒక్కనాడూ తలవలేదు. ఇప్పుడు తలుస్తాను. వెంటనే అది దక్కని ఆ పిల్ల గుర్తొస్తుంది, దండం అక్కడే ఆగిపోతుంది.