చెరువు గట్టు డీజిల్

మా బావ నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. వచ్చే నెల కారులో నేపాల్ మీదుగా రష్యా దాకా వెళ్ళాలని తయారవుతున్నాడు. దారిలో దొరికే నాసిరకం డీజిల్ కొత్త ఇంజన్లకు పడదని ఈ కారు ప్రయాణాల గ్రూపులో మిత్రులు భయపెట్టారు. దాంతో నిన్న సాయంత్రం, చెరువు గట్టు మీద జనరేటర్ కోసం ఉంచిన పాత డ్రమ్ములోంచి డీజిల్ తోడి కారులో పోశాడు.

“ఇదేం పని బావా?” అన్నాను.

“ఇప్పట్నించే అలవాటు చేస్తే ఎక్కడైనా తట్టుకుంటుందిలే,” అన్నాడు.

ఈ రోజు పొద్దున్నే చెరువు కాపలా ఉండే ఏసుబాబుగారిని తాచుపాము కరిచింది. ఆయన్ని కారులో ఎక్కించుకుని అవనిగడ్డ ఆసుపత్రికి బయల్దేరాం. సగం దారిలో కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. డీజిల్లో వాననీళ్ళు! ఎదురొచ్చిన ట్రాలీ ఆటోని బతిమాలి, వెనక్కి తిప్పించి ఎక్కించేసరికే ఆయనకి మాట పడిపోయింది. అవనిగడ్డలో చూసి పెద్దాసుపత్రికి పంపేశారు; ఇప్పుడు బందరులో వెంటిలేటర్ మీద ఉన్నారు.

రష్యా దాకా ఏ డీజిల్ పడుతుందో చెప్పిన మిత్రులారా, దీనికీ ఒక జవాబు చెప్పండి. వార్డు బయట కూర్చున్న ఆయన భార్య మరియమ్మగారు బావనే అడుగుతున్నారు.

“అంత మంచి కారు ఎందుకు ఆగిపోయింది బాబూ?”