నంద్యాల దాకా లాక్కొచ్చిన మనిషి

దస్తగిరన్న పోయినాడని ఫోను వచ్చినప్పుడు నేను హైదరాబాదులో మా ఇంటి బాల్కనీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. ఆళ్ళగడ్డలో తన సైకిల్ షాపులో చక్రం బెండు తీస్తూ తీస్తూ స్టూలు మీది నుంచి పక్కకు ఒరిగిపోయాడట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. ఇలాంటి సందర్భాల్లో ‘ఆ వార్త విని నిశ్చేష్టుడనయ్యాను’ అని రాయడం మర్యాద. అయిన మాట నిజమే. కానీ అంతకంటే ముందు, ఒక్క క్షణం, నా గుండె తేలికపడింది. ఆ రోజు గురించి నన్ను నిలదీసి అడగగలిగిన మనిషి ఇక లోకంలో లేడు కదా అనిపించింది. ముప్పై ఏళ్ళు ‘అన్నా’ అని పిలిచినవాడి శవం ఇంకా ఇంట్లో ఉండగానే నాకు కలిగిన ఆలోచన అది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి రాస్తున్నదే.

దూదేకుల దస్తగిరి పేరు ఈ తరంవారికి తెలియకపోవచ్చు. జీతం తీసుకుని సైకిల్ పందేలు తొక్కడమే వృత్తిగా బతికినవాళ్ళు మా ప్రాంతంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళలో దస్తగిరన్న అగ్రగణ్యుడు. తండ్రి పరుపుల దూది ఏకేవాడు. దూది ఏకే వింటిని సైకిలుకు కట్టుకుని చాగలమర్రి, శిరివెళ్ళ, ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. ఆ బరువు సైకిలే కొడుకుకు తొలి గురువు. పందెం మొదలయ్యే ముందు దస్తగిరన్న జేబులోంచి చిటికెడు దూది తీసి గాలిలోకి వదిలేవాడు. అది ఎటు పోతుందో చూసుకుని ఆ రోజు ఎట్లా తొక్కాలో నిర్ణయించుకునేవాడు. మేం నవ్వితే, ‘మా నాయన ఇచ్చిన ఆస్తి ఇదేప్పా’ అని తనూ నవ్వేవాడు.

నేను నంద్యాలలో భూములున్న ఇంటివాణ్ణి. మా నాయన మద్రాసు నుంచి తెప్పించిన సైకిలు నాకుండేది, తొక్కే తెలివే లేదు. ఆ తెలివి ఇచ్చింది దస్తగిరన్నే. నాకన్నా ఏడేళ్ళు పెద్ద. తెల్లవారుతూనే ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు తొక్కుకుంటూ వచ్చి, నన్ను లేపుకుని వెలుగోడు చెరువు దాకా తీసుకుపోయేవాడు. అంత దూరం తొక్కి వచ్చినవాడు తాజాగా ఉండేవాడు, నిద్ర లేచి వచ్చిన నేను రొప్పేవాణ్ణి.

‘ఏందప్పా సుధాకరా, అన్నం తిని వచ్చినావా, అన్నం మోసుకొని వచ్చినావా?’ అనేవాడు.

సైకిల్ పందెం గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఎదురుగాలిలో ముందు తొక్కేవాడు గాలినంతా తానే మోస్తాడు. వాడి వెనక చక్రానికి జానెడు దూరంలో అంటుకుని వచ్చేవాడికి చాలా శ్రమ తప్పుతుంది. అందుకే ఇద్దరు కలిసి గుంపును వదిలి ముందుకు పోతే గాలి మోయడం వంతులవారీగా సాగాలి. ఒకడికి నిజంగా చేతకాకపోతే ఆ మాట చెప్పేయాలి. రెండోవాడు దయతలిచి వాణ్ణి లాక్కుపోతాడు. అట్లా లాగించుకున్నవాడు చివర్లో గెలుపుకు పోటీ పడకూడదు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. పందెగాళ్ళకు మాత్రం ఇంతకు మించిన ధర్మం లేదు.

ఆ ధర్మాన్ని నేను ఆషాఢమాసపు ఒక మధ్యాహ్నం మట్టిలో కలిపాను.

కడప నుంచి నంద్యాలకు పందెం. ఉత్తరాదిన ఒక సైకిళ్ళ కంపెనీ జట్టు పెట్టుకుంటూ మా వైపు నుంచి ఒక్కణ్ణే తీసుకుంటామంది, మొదట వచ్చినవాణ్ణి. చాగలమర్రి దాటాక మేమిద్దరం గుంపును వదిలించుకున్నాం. పడమటి గాలి మనిషిని రోడ్డు మీంచి నెట్టేస్తోంది. ఆళ్ళగడ్డ నాలుగు రోడ్ల దగ్గర జనం దస్తగిరన్నను చూసి ఈలలు వేశారు. ఊరు దాటగానే నా వంతు వచ్చింది. నేను ముందుకు పోలేదు.

‘నావల్ల కాదన్నా. కాళ్ళు అయిపోయినాయి. నువ్వే గెలువు, నన్ను ఎట్లయినా చేర్చు’ అన్నాను.

ఆయన వెనక్కి కూడా చూడలేదు. ‘సరే, నా యెనకే ఉండు. మాట్లాడొద్దు. నంద్యాలలో దించుతా’ అన్నాడు.

నా కాళ్ళు అయిపోలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. శిరివెళ్ళ మీదుగా నంద్యాల పొలిమేర దాకా ఆ గాలినంతా ఆయన ఒక్కడే మోశాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఎముకలు కనిపిస్తున్నాయి. ఆ వీపు చాటున నేను చల్లగా కూర్చుని, గెలుపు గీత ఎంత దూరముందో లెక్కలు వేసుకున్నాను. గీత కనిపించగానే పక్కనుంచి దూసుకుపోయి గెలిచాను. ఆయన సైకిలు దిగి, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి నా భుజం తట్టాడు. ‘బాగా తొక్కినావప్పా’ అన్నాడు. అంతే.

మరుసటి ఏడు జట్టుకు ఇంకో మనిషి కావాలంటే దస్తగిరన్న పేరు నేనే చెప్పాను. నంద్యాలలో నా పెద్ద మనసును పొగడనివాడు లేడు, ఆ పొగడ్తలు కూడా సిగ్గు లేకుండా పుచ్చుకున్నాను. ఆయనను తీసుకున్నది నాకు సహాయకుడిగా. ఆరు సీజన్లు నా ముందు గాలి మోయడం, నాకు నీళ్ళసీసాలు తెచ్చివ్వడం, నేను పడితే ఆగడం, ఇదే ఆయన ఉద్యోగం. చొక్కా వెనక జేబుల్లోనూ మెడ దగ్గరా సీసాలు కుక్కుకుని, కడుపుతో ఉన్న మనిషిలా ఆయాసపడుతూ గుంపులోంచి నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడు. నేను తాగాకే తను తాగేవాడు.

ఒకసారి సహ్యాద్రి ఘాట్ ఎక్కుతుంటే నా ముందు చక్రం పంక్చరైంది. అడగకముందే ఆయన తన చక్రం విప్పి నాకు బిగించాడు. మా వ్యాను వెనక ఎక్కడో ఇరుక్కుపోయింది. దాని కోసం ఎండలో రోడ్డు పక్కన కూర్చుని, చివరికి బహుమతులు పంచడం అయిపోయి, టెంట్లు విప్పుతుండగా వచ్చాడు.

‘గెలిచినావా?’ అన్నాడు.

‘గెలిచినా అన్నా.’

‘అయితే తిందాం పా. ఆకలైతాంది.’

జీతానికి తొక్కిన ఆ ఆరేళ్ళలో ఆయన పేరు మీద ఒక్క విజయం కూడా లేదు. రికార్డులు తిరగేసేవారికి దస్తగిరి అనే మనిషి దొరకడు. నా పేరు దొరికిన ప్రతిచోటా ఆయన ఉన్నాడు.

ఆట మానేశాక నాకు ఆటగాళ్ళ కోటాలో కుర్చీ ఉద్యోగం వచ్చింది. ఆయన ఆళ్ళగడ్డకు వచ్చి షాపు పెట్టుకుని, పిల్లలకు పందెం విద్య నేర్పాడు. ఆ షాపు గోడకు ఒక ఫోటో ఉంది. నంద్యాల గీత దగ్గర నేను చేతులెత్తి ఉంటాను, వెనక ఆయన తల వాల్చి ఉంటాడు. ఆయనే ఫ్రేము కట్టించాడు. కొత్తగా చేరినవాళ్ళకు అది చూపించి, ‘చూడండి, గీత దగ్గర తల దించితే ఇట్లయితాది. ముందుకే చూడల్ల’ అని పాఠం చెప్పేవాడు. నేను ఆ షాపుకు పోయినప్పుడల్లా ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

సంతాపసభలో నన్ను వేదిక ఎక్కించి, కడప–నంద్యాల పందెం విజేత అని పరిచయం చేశారు. ఆయన శిష్యులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన త్యాగనిరతి గురించీ నిరాడంబరత గురించీ పావుగంట ధారాళంగా మాట్లాడాను. చెప్పవలసిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. తీరని లోటు అన్నాను. దిగి వస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

పోయినవారి కోసం చేసే జియారతు నాడు ఫాతిహా చదవడం అయ్యి, చుట్టాలంతా భోజనాలకు లేచాక, ఆయన భార్య ఖాసింబీ వదిన దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

‘అట్లనా అప్పా? నాకు తెలీనే తెలీదే’ అన్నది. అని నా మొహం కాసేపు చూసి, ఆపుకోలేక భోరున ఏడ్చింది.

‘నాకు చేతగాదప్పా ఈ నాటకం. ఆయప్పకు ఆ పొద్దే తెల్సు. శిరివెళ్ళ దాటినాక నీ ఊపిరి ఇనపడిందంట. అలిసినోని ఊపిరి అట్ల ఉండదంట.’

‘మరి నన్ను వదిలేసి పోలేదేం వదినా?’

‘నేనూ అదే అడిగితి. కనుక్కునేసరికి నా కాళ్ళే అయిపోయినాయిలే అని నవ్వినాడు.’ ఆమె కళ్ళు తుడుచుకుంది. ‘ఎప్పుడో ఒగ దినం వాడే వచ్చి చెప్తాడు, ఆ పొద్దు నువ్వు ఏమీ తెలీనట్టే ఉండల్ల, లేకుంటే వానికి నామోషీ అయితాది, అన్యాడు. నువ్వు వచ్చినప్పుడల్లా షాపు మూసేసి ఇంటికి తోడుకొచ్చేది అందుకే. టీ పెట్టమని లోపలికొచ్చి, ఈసారి చెప్తాడేమో ఖాసిం, నువ్వు ఈ పక్కకు రావద్దు, అనేవాడు.’

ఆ మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తున్నాయి. ఎదురుగా మంచం మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని నా వైపే చూస్తూ ఉండేవాడు. వయసు మీద పడి మాటలు తగ్గాయనుకున్నాను.

కడప–నంద్యాల పందెంలో గెలిచినవాడు దూదేకుల దస్తగిరి. కాగితాల్లో ఎవరి పేరున్నా, ఇది చదివినవారు అట్లాగే జ్ఞాపకం పెట్టుకోవాలని చేతులు జోడించి వేడుకుంటున్నాను. ఆ మహానుభావుడికి నేను ఇవ్వగలిగిన నివాళి ఇంతే, అదీ ఆయన వినలేని రోజున. ఇన్నేళ్ళూ ఆయన టీ చల్లారిపోయేదాకా నా కోసం ఆగాడు. బస్సుకు టైమైందన్నా అని ప్రతిసారీ లేచింది నేను.