సెంటు బాబాయి ఇంట్లో ఘుమఘుమ

వీధిలో అందరూ ఆయన్ని సెంటు బాబాయి అంటారు. క్షవరం పూర్తయిన ప్రతివాడి మెడకూ పౌడరు అద్ది, చెంపలకు లోషను రాసి, "ఇక ఘుమఘుమే. మీ ఆవిడ గుర్తుపడితే ఒట్టు" అని సాగనంపడం ఆయన అలవాటు. పళ్లూడిన ముసలాయనకైనా అదే మాట.

ఆ ఘుమఘుమ అన్న మాటే ఇంట్లో వినబడితే మాత్రం ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు. భార్యకు మూర్ఛ ఉంది. అది వచ్చే ముందు ఆవిడకు ఎక్కడా లేని కమ్మని వాసన తగులుతుంది. "ఏదో ఘుమఘుమలాడుతోందండీ" అంటుంది నవ్వుతూ. ఆ నవ్వు ముగిసేలోపు తల కింద దిండు ఉండాలి. ఒకసారి ఆలస్యమై, గట్టు అంచు తగిలి ఆవిడ నుదురు చీలింది. అప్పట్నుంచి ఇంట్లో పూలు లేవు, వాసన సబ్బు లేదు. వంట కూడా పెరట్లోనే. ఆయన రోజూ కొట్లోనే ఒళ్లు కడుక్కుని, చొక్కా మార్చుకుని మరీ గుమ్మం తొక్కుతాడు. ఆవిడ ఆ మాట అందంటే అది మూర్ఛే అయ్యుండాలి, ఇక సందేహానికి చోటుండకూడదు.

ఆ సాయంత్రం వాన ముంచుకొస్తోందని కొట్టు కట్టేసి పరుగున వచ్చాడు. కూరగాయలు తరుగుతున్న భార్య తలెత్తింది.

"ఏమండీ, ఏదో ఘుమఘుమలాడుతోంది."

ఆయన కత్తిపీట దూరంగా తన్నేశాడు. ఆవిడను పడుకోబెట్టి, దిండు పెట్టి, పక్కకు తిప్పి పట్టుకున్నాడు. రావలసింది రాలేదు. రాకపోవడంతో ఇంకా భయమేసింది.

"ఇంకా వస్తోంది" అంది ఆవిడ, గోడకేసి చూస్తూ.

ఆయన గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. పౌడర్ల మధ్య బతికిన ఆ ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. ఆవిడ చెబుతున్నది ఉందో లేదో తేల్చుకోవడం ఆయన వల్ల కాదు. కేక వేస్తే పక్కింటి పెద్దమ్మ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ఏమైనా వాసన వస్తోందా అని అడిగాడు.

"నీ చొక్కాదే కదయ్యా. గుమ్మం దాకా కొడుతోంది" అందామె.

వాన హడావిడిలో కొట్లో ఒళ్లు కడుక్కోలేదని, చొక్కా మార్చుకోలేదని ఆయనకు అప్పుడు తట్టింది. గబగబా గుండీలు విప్పబోతే భార్య ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"కాసేపు ఉండనివ్వండి. నిజంగా ఉన్న వాసన పీల్చి ఎన్నేళ్లయిందో."

మొహం ఆ గుడ్డలో దాచుకుంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. రెండో చెయ్యి మాత్రం ఆవిడ తల కింది నుంచి తీయలేదు.