బోర్డు మీద కుడివైపు మూల

మా హైస్కూల్ ఇంగ్లీషు సారు పోయారని మొన్న గురజాల నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. అప్పుడు నేను నరసరావుపేటలో, మా స్కూల్ స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, ఇక ఈ టీచరుద్యోగం నా వల్ల కాదనుకుంటున్నాను. ఏడుపు కూడా రాలేదు. అంతగా అలిసిపోయి ఉన్నాను.

సారు బోర్డుకు కుడివైపు మూల వారానికో చిన్న ఇంగ్లీషు మాట రాసేవారు. వారమంతా దాన్ని ఎవరూ తుడవకూడదు. అర్థం ఆయన చెప్పరు. ఆ మాటతో ఇంట్లోదో బజార్లోదో ఒక వాక్యం మేమే తేవాలి. గైడు చూసి రాసుకొస్తే, "ఇది మీ ఇంట్లో జరిగిందా?" అని అడిగి కూర్చోబెట్టేవారు.

ఒక వారం 'రన్' అని రాశారు. కుక్క పరుగు, దొంగ పరుగు, బస్సు వెనక మా పరుగు, రెండు రోజుల్లో అన్నీ అయిపోయాయి. మా నాన్నది బస్టాండు దగ్గర పంక్చర్ల కొట్టు. దాన్ని నడుపుతాడని చెప్పబోయి, "మై ఫాదర్ ఈజ్ వాకింగ్ ఎ షాప్" అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. సారు నవ్వలేదు.

"నవ్వుతారేందిరా. మనకి కొట్టు నడుస్తది, మోటారు నడుస్తది, సంసారం నడుస్తది. వాళ్ళకి అన్నీ పరిగెత్తుతయి. కూర్చోమాకమ్మా, ఇప్పుడు ఆ మాట పెట్టి చెప్పు."

"మై ఫాదర్ రన్స్ ఎ షాప్" అని చెప్పాను. మిరప చేలో మోటారు ఆడినా, జలుబు చేసి ముక్కు కారినా అదే మాటని ఆ వారంలోనే తెలిసింది. ఇంగ్లీషంటే నా భయం అప్పుడే పోయింది. ఈ రోజు నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన చలవే.

"మాట కూడా మనిషి లాంటిదే. ఒక్కచోట చూసి తెలిసిందనుకోమాకండి," అనేవారు.

పోయిన రంజాన్‌కు ఊరెళ్ళి సారును చూడబోతే మంచం మీద ఉన్నారు. ఉద్యోగం ఎట్టా ఉందని అడిగారు.

"టెస్టులు, మార్కులు, సిలబస్. మానేద్దామనుకుంటున్నా సార్."

"బోర్డు మీద ఆ మూల ఉంచుతున్నావా?"

"చోటుండట్లేదు సార్."

"చోటుండదమ్మా. ఉంచాలి," అని అలసటగా కళ్ళు మూసుకున్నారు.

ఆఖరి చూపు చూసి వచ్చిన మర్నాడు, కాళ్ళీడ్చుకుంటూ క్లాసుకు వెళ్ళి కుడివైపు మూల 'రన్' అని రాశాను. అర్థం చెప్పలేదు. బెల్లు కొట్టాక, డస్టర్ పట్టుకుని వచ్చిన లెక్కల సారుతో, "ఆ మూల తుడవమాకండి సార్, వారం ఉండాలి," అన్నాను. అన్నాకగానీ తట్టలేదు, అది ఉన్నన్నాళ్ళూ నేనూ ఉండాలి కదా.

సాయంత్రం ఇంటికి పోతూ తొంగిచూశాను. బోర్డంతా లెక్కలు. మూలన ఆ మూడు ఇంగ్లీషక్షరాలు అట్లాగే ఉన్నాయి.