అమ్మ బొమ్మలో దీపం

నా చిన్నప్పుడు, అంటే చైతన్యపురిలో ఇన్ని హాస్టళ్లూ ఈ మెట్రో స్తంభాలూ లేని రోజుల్లో, మా అమ్మని దవాఖాన నుంచి ఇంటికి పంపేశారు. తగ్గి పంపారనుకున్నాను. ఇంట్లో అందరూ అదే చెప్పారు మరి. అమ్మకి నిద్ర కావాలంటూ నన్ను మాత్రం ఆ గదిలోకి పోనిచ్చేవారు కాదు.

మా మేనమామ బొమ్మలు వేసేవాడు. అమ్మ మంచం దగ్గర కూర్చుని ఆమె బొమ్మ వేసి, ఆరడానికి వసారాలో పెట్టాడు. అమ్మ ఒడిలో సగం కట్టిన మల్లెమాల, కాళ్ల దగ్గర రాలిన పూలు, వెనక గూట్లో కొండెక్కిన దీపం. ఒత్తి మీద సన్నటి పొగ కూడా వేశాడు. మా అమ్మమ్మ చూసి గుండెలు బాదుకుంది. మనిషి బతికుండగా ఇదేం అరిష్టమని కొడుకుని చెడామడా తిట్టింది.

అది విని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ దీపం వెలిగితే అమ్మ బతుకుతుందని నాకు గట్టిగా తోచింది. దేవుడి గూట్లోంచి పసుపూ కుంకుమా తెచ్చి, నూనెలో కలిపి, వేలితో ఒత్తి మీద మంట దిద్దాను. అదంతా కారి అమ్మ చీర మీదికి దిగింది. తుడిస్తే ఇంకా అలుక్కుపోయింది. ఏడుస్తూనే మళ్లీ దిద్దాను, మళ్లీ కారింది.

మామయ్య వచ్చి చూశాడు. కొడతాడనుకున్నాను. నా పసుపు చేతులు పట్టుకుని కింద కూలబడ్డాడు. అమ్మ చచ్చిపోతుందని ఎందుకు వేశావని అడిగాను. పూలు రాలడం, మాల సగంలో ఆగడం, దీపం కొండెక్కడం, మూడూ ఒకటే మాటని, అది నోటితో అనలేక బొమ్మలో పెట్టానని చెప్పాడు. అందరూ తగ్గుతుందనే అంటున్నారు, నువ్వైనా ఉన్నదున్నట్టు వెయ్యమని అమ్మే అడిగిందట.

"చావు చూపనీకి వెయ్యలే బిడ్డా. మీ అమ్మ ఇంకా ఉంది, జల్ది పోయి పక్కన కూసో అని వేసిన."

అమ్మమ్మ అడ్డమొచ్చినా ఆగలేదు. మంచం ఎక్కి అమ్మని కరుచుకున్నాను.

"ఇన్ని దినాలు ఏడికి పోయినవే? నా మీద అలిగినవా?" అంది అమ్మ.

పిచ్చితల్లి, నేనే రావడం లేదనుకుంది. ఆ వారంలోనే పోయింది.

ఇప్పుడు నేనే అమ్మమ్మని. ఎవరింట్లోనైనా మనిషి మంచాన పడితే, పిల్లల్ని బయట ఆడుకోమని తోలేస్తుంటారు. నేను ఊరుకోను. వాళ్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతాను. ముసల్దానికి చాదస్తమని తిట్టుకుంటారు, తిట్టుకోనీ. లోపల ఒకరు ఆ పిల్లల కోసం తలుపు వైపే చూస్తూ ఉంటారు.