ఆక్షేపణలు రాలేదు

1951 జనవరిలో ఆత్మకూరులో ఒక రెవిన్యూ కచేరీలో నాకు టెంపరరీ గుమాస్తా ఉద్యోగం వచ్చింది. టెంపరరీ అంటే మూడు నెలల ఉత్తర్వు. గడువు తీరేలోగా పొడిగింపు వస్తే ఉంటాం, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి పోతాం. మాది ఉదయగిరి కొండ కింద పల్లె. ఆత్మకూరు నాకు మహాపట్టణంగా కనిపించింది. వారం రోజులు గది కోసం తిరిగాను. మూడు నెలల ఉద్యోగస్తుడినని తెలియగానే తలుపులు మూసేవారు.

చివరికి బజారులో రమణయ్య అనే దుకాణదారు తన ఇంటి వెనక గది ఇచ్చాడు. ఆయన భార్య నన్ను "అబ్బయ్యా" అని పిలిచేది. నాకు జ్వరం వస్తే మూడు రోజులు గంజి కాచి పోసింది. ఊరు కాని ఊళ్లో అంత ఆదరణ దొరికితే మనిషి కరిగిపోతాడు. నేనూ కరిగిపోయాను.

కచేరీలో నాకు బంజరు దరఖాస్తుల సీటు ఇచ్చారు. సర్కారు బంజరు తనకు పట్టా చేయమని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే ఊళ్లో చాటింపు వేయించాలి, చావడి గోడకు నోటీసు అంటించాలి. పదిహేను రోజుల్లో ఎవరైనా అడ్డు చెబితే విచారించాలి. ఎవరూ చెప్పకపోతే గుమాస్తా "ఆక్షేపణలు రాలేదు" అని నోటు రాసి, ఫైలు తహసీల్దారు ముందు పెడతాడు. ఆయన సంతకం చేస్తాడు. నిజం చెప్పాలంటే నిర్ణయమంతా ఆ గుమాస్తా నోటులోనే ఉంటుంది.

మార్చిలో అనుమసముద్రంపేట పక్క పల్లె నుంచి ఒక ఫైలు వచ్చింది. అర్జీదారు రమణయ్య బావమరిది. ఆ సాయంత్రం రమణయ్య నా గది గడప మీద కూర్చున్నాడు.

"అబ్బయ్యా, మా బావమరిది కాయితం నీ కాడ ఉండాదంట. అన్యాయమేం చెయ్యొద్దులే. ఊరికే ఆపకుండా పంపించు, చాలు."

మర్నాడు కచేరీలో ఫైలు తీసి చూశాను. చాటింపు వేశారు, సాక్షుల వేలిముద్రలున్నాయి, గడువు దాటింది. అన్నీ సక్రమమే. కానీ రెవిన్యూ ఇన్‌స్పెక్టరు రిపోర్టులో చివర ఒక వాక్యం ఉంది: "భూమి దున్ని, మంద కట్టి ఎరువు చేసిన ఆనవాళ్లు ఉన్నవి. సాగుదారు ఊరిలో లేడు."

పట్టణంలో పుట్టినవాడికి ఆ వాక్యం అర్థమయ్యేది కాదు. నాకు చదవగానే అర్థమైంది. రాత్రుళ్లు చేలో మంద నిలిపి ఎరువు చేసుకునేది గొర్రెల కాపరులే. మా మెట్ట పల్లెల్లో గొర్రెల కాపరులు మాఘమాసం దాటగానే మేత కోసం మందలతో తూర్పున డెల్టా పొలాలకు పోతారు. మళ్లీ తొలి వానలకే వస్తారు. సగం వీధి ఇళ్లకు తాళాలు పడి ఉన్న ఊళ్లో చాటింపు వేస్తే ఎవరికి వినబడుతుంది? "సాగుదారు వలసలో ఉండవచ్చు, వానల వరకు ఆపవలెను" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

రాయలేదు. రమణయ్య ముఖం ఎలా చూడాలన్న మొహమాటం ఒకటి. కొత్త గుమాస్తా ఫైళ్లు ఆపుతాడన్న పేరు వస్తే నా పొడిగింపు ఏమవుతుందోనన్న భయం ఇంకొకటి. "ఆక్షేపణలు రాలేదు" అని రాసి పంపాను. పట్టా అయిపోయింది. నెల తిరక్కముందే పొడిగింపు కూడా వచ్చింది.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం మాలకొండయ్య అనే కాపరి నా బల్ల ముందుకు వచ్చాడు. ఎనిమిదేళ్లుగా రాళ్లేరి, మంద కట్టి, సజ్జ పండించుకుంటున్న చేను అది. వచ్చేసరికి అందులో వేరేవాళ్ల అరక తిరుగుతోందట. గడువులోపల ఎందుకు చెప్పుకోలేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"అప్పుడు ఊళ్లో ఎవరున్నారయ్యా? అందరం తూర్పున ఉన్నాం," అన్నాడు. ఆ వెంటనే, "మీది ఏ ఊరయ్యా?" అని అడిగాడు.

చెప్పాను.

"అయితే మీకు తెలిసుండాల్నే," అన్నాడు. కోపంగా అనలేదు.

అతను పై అధికారికి అప్పీలు పెట్టుకున్నాడు. దానిమీద రిపోర్టు పంపమని కాగితం మా కచేరీకే, నా సీటుకే వచ్చింది. చేసిన తప్పు దిద్దుకునే అవకాశం వెతుక్కుంటూ వచ్చినట్టే. తెలిసీ ఊరుకున్నానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. "నోటీసు నిబంధనల ప్రకారం ప్రకటించబడినది" అని రాశాను. అప్పీలు కొట్టేశారు. ఆ ఏడాదే మాలకొండయ్య గొర్రెలమ్ముకుని ఊరు విడిచి పోయాడని విన్నాను. ఎక్కడికి పోయాడో కనుక్కునే ధైర్యం చేయలేదు. రమణయ్య ఇంట్లో ఇంకో ఏడాది ఉన్నాను. ఆ ఇల్లాలు పెట్టిన అన్నం మాత్రం అంతకుముందులా సహించలేదు.

తర్వాత పర్మనెంటు అయ్యాను. తహసీల్దారుగా రిటైరయ్యాను. ఆ రెండు ఫైళ్లలో నేను రాసిన ప్రతి మాటా నిజమే, ఏ ఆడిటూ తప్పు పట్టలేదు. రాయకుండా ఊరుకున్న దాని వల్లనే ఒక మనిషి చేను పోయింది. నా చేతికి అధికారం వచ్చాక మెట్ట గ్రామాల బంజరు దరఖాస్తులు వానలు పడేదాకా పక్కన పెట్టేవాడిని. జాప్యం చేస్తున్నానని రెండుసార్లు సంజాయిషీ అడిగారు, ఇచ్చుకున్నాను. దానివల్ల కొందరి చేలు నిలబడి ఉంటాయి. మాలకొండయ్యకు మాత్రం ఒరిగిందేమీ లేదు.